గార్సియా: తండ్రి పేరు ఇంటిపేరైన వైనం

స్పెయిన్‌లో అన్నిటికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు గార్సియా. ఆ దేశ జనాభాలో సుమారు 3 శాతం మందికి ఇదే మొదటి ఇంటిపేరు. ఇంతమందికీ మూలపురుషుడు ఒక్కడేనని ఎవరైనా ఊహిస్తే అది పొరపాటవుతుంది. మధ్యయుగాల్లో గార్సియా అన్నది ఇంటిపేరు కాదు, మగపిల్లలకు పెట్టుకునే మామూలు పేరు. కాబట్టి ఆ పేరుగల తండ్రులు ఎంతమంది ఉంటే అన్ని వేర్వేరు కుటుంబాలు దానిని తమ ఇంటిపేరుగా నిలుపుకోగలిగాయి.

పైరనీస్ పర్వతాల పడమటి కొసన, బాస్కు భాష వ్యవహారంలో ఉన్న సీమలో ఈ పేరు పుట్టిందన్న అభిప్రాయం పండితుల్లో బలంగా ఉంది. ఎలుగుబంటి అని అర్థమిచ్చే ‘హార్త్స్’ నుంచి కొందరు, యువకుడు అని అర్థమిచ్చే ‘గస్తే’ నుంచి మరికొందరు దీనిని సాధించారు గాని రెండూ నిర్వివాదాలు కావు. వ్యుత్పత్తికంటె ఆ సీమలోని పాంప్లోనా రాజుల వంశావళి ఎక్కువ విషయం చెబుతుంది. 905లో పాంప్లోనా గద్దెనెక్కిన సాంచో గార్సేస్ పేరుకు గార్సియా కొడుకైన సాంచో అని అర్థం. అతని కొడుకు గార్సియా సాంచెస్, అంటే సాంచో కొడుకైన గార్సియా. మనుమడు మళ్లీ సాంచో గార్సేస్. తాత పేరు మనుమడికి పెట్టే ఆనవాయితీ వల్ల రెండు పేర్లే తరతరానికీ తారుమారవుతూ వచ్చాయి. తండ్రి పేరునుబట్టి ఏర్పడి, తరం మారగానే మారిపోయే ఇటువంటి పేరును పితృనామం అంటారు. ఫెర్నాండో కొడుకు ఫెర్నాండెస్, రోడ్రిగో కొడుకు రోడ్రిగెస్ అయినట్లే గార్సియా కొడుకు గార్సేస్ కావలసి ఉన్నా, ఎక్కువచోట్ల ప్రత్యయమేదీ చేరకుండా తండ్రి పేరే యథాతథంగా కొడుకు పేరు పక్కన నిలిచింది. స్పెయిన్ ఇంటిపేర్లలో అగ్రస్థానం ఈ ప్రత్యయం లేని పేరుకే దక్కడం విశేషమే.

మధ్యయుగాల చివరికి పితృనామాలు తరం మారినా మారకుండా స్థిరపడసాగాయి. 15వ శతాబ్దం చివర టొలీడో ఆర్చిబిషప్పు సిస్నెరోస్ చర్చీలలో బాప్తిస్మ రిజిస్టర్లు ఉంచాలని ఆదేశించడం ఈ స్థిరత్వానికి తోడ్పడింది. అయినా వ్యక్తినామంగా గార్సియా వెంటనే కనుమరుగు కాలేదు. 1534లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి ఓషధులపై 1563లో గోవాలో గ్రంథం అచ్చువేయించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తాకు అది పెట్టిన పేరే.

అమెరికా ఖండాలకు ఈ పేరు వలసవచ్చినవారితో వెళ్లింది గాని అక్కడ వ్యాపించింది సంతానం వల్ల మాత్రమే కాదు. బాప్తిస్మం పొందిన స్థానికులకు జ్ఞానపితల ఇంటిపేర్లు, బానిసలకు యజమానుల ఇంటిపేర్లు సంక్రమించడం అక్కడ పరిపాటి. ఫిలిప్పీన్స్‌లోనైతే పన్నుల లెక్కలు తారుమారవుతున్నాయని గవర్నర్ జనరల్ క్లావెరియా 1849లో ఇంటిపేర్ల అకారాది పట్టిక తయారుచేయించి, కుటుంబాలకు పేర్లు పంచిపెట్టించాడు. అందువల్ల ఆ దేశంలో స్పానిష్ ఇంటిపేరు ఉన్నంతమాత్రాన స్పానిష్ రక్తసంబంధం ఉన్నట్లు కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల 2000 జనాభా లెక్కల్లో 8వ స్థానంలో ఉన్న గార్సియా, 2010 నాటికి 11 లక్షల 66 వేలకు పైగా మందితో 6వ స్థానానికి చేరింది.

ఇంత విరివిగా ఉన్న పేరు మనిషిని గుర్తుపట్టడానికి పనికిరాదు. తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు తరువాత రాసే స్పానిష్ పద్ధతి ఈ చిక్కును కొంత తీర్చింది. కవి ఫెదెరికో గార్సియా లోర్కా తల్లివైపు పేరైన లోర్కాతోనే లోకానికి తెలుసు. తెలుగు పాఠకులు మార్క్వెజ్ అని పిలుచుకునే నవలాకారుడి అసలు ఇంటిపేరు గార్సియా మార్కెస్. పైగా వివాహబంధం లేకుండా పుట్టిన ఆయన తండ్రికి గార్సియా అన్నది తన తల్లినుంచి వచ్చిన పేరు. తండ్రి పేరే ముందుండాలన్న నియమాన్ని స్పెయిన్ 1999లో సడలించింది. 2017 నుంచి ఏ ఇంటిపేరు ముందుండాలో బిడ్డ పుట్టుక నమోదు చేయించేటప్పుడు తల్లిదండ్రులే తేల్చి చెప్పాలి, వారు తేల్చకపోతే రిజిస్ట్రారు తేలుస్తాడు.