గస్తీ నిషాన్ నెఱిగినవారికి ఒక నవల

'గస్తీ నిషాన్ 53' అను మాట నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యువకులకు వింతగా దోచవచ్చును. నిజాము సంస్థానమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు సెలవు పొందవలెనని విధించిన యుత్తరువది. ప్రైవేటు బడి పెట్టుటకును అనుమతి కావలసియుండెను. గ్రంథాలయమన్నను అధికారులకు అనుమానమే. 1928 లో సూర్యాపేటయందు జరిగిన ఆంధ్రోద్యమ సభయు, 1941 లో కోదాడ చెంత చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన ఆంధ్ర మహాసభయు నిట్టి నిర్బంధముల నడుమ సాగినవే.

ఈ చరిత్ర గల సీమవారు చదువదగిన ఆంగ్ల నవల యొకటి గలదు. దాని పేరు '1984'. మన సంస్థానము ఇండియాలో కలిసి యేడాది నిండకమునుపే, 1949 జూనులో, అది వెలువడెను. గ్రంథకర్త జార్జి ఆర్వెల్ 1903 లో బీహారునందలి మోతీహారిలో జన్మించి, బర్మాలో దాదాపు ఐదేండ్లు పోలీసు కొలువు చేసినవాడు. నిర్బంధమెట్లు నడచునో లోపలినుండి చూచినవాడు.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ సర్కారు గుమాస్తా. పాత పత్రికలలోని మాటలను నేటి ప్రభుత్వమున కనుకూలముగ దిద్దుట అతని యుద్యోగము. ఇంటిగోడకు బిగించిన యంత్రమొకటి అతని ముఖమునందలి మార్పును సైతము కనిపెట్టుచుండును. ఒకనాడతడు దానికి చాటుగా గూర్చుండి దినచర్య వ్రాయ మొదలిడును. పట్టుబడిన తల దక్కదని యెఱిగియే వ్రాయును. ఆ దేశపు పండితుల పని నిఘంటువును పెంచుట గాదు, ఏటేట తగ్గించుట. మాట లేకున్న తిరుగుబాటు తలంపును పుట్టదని వారి యూహ.

ఈ ఘట్టమున నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. నాడు సంస్థానమున పైచదువుల భాష ఉరుదూ. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని సభయందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా సభికులు గేలిచేసి అల్లరి పెట్టిరి. వారు పోలీసులు కారు; సంఘసంస్కారమునకై కూడిన విద్యావంతులు! అయినను ఆ రాత్రియే కొందరాంధ్రులు ఒక యింట గూడి ఆంధ్ర జనసంఘమునకు నాంది పలికిరి. విన్‌స్టన్‌కు అట్టి యిల్లు లేదు. తలుపు మూసికొని నలుగురు మాటాడుకొను చోటే లేని రాజ్యమెట్లుండునో ఈ నవల చూపును. గస్తీ నిషాన్ అంతదూరము పోలేదు.

తుది భాగమునందలి చెరసాల ప్రకరణములు మిక్కిలి కఠినములు, పసివారికి వినిపింపవలదు. కళాశాలలో చదువు కుమార్తెకో కుమారునకో యిండు. వారు ముగించిన సాయంకాలము, తాతగారు తమ పెద్దలవలన విన్న గస్తీ నిషాన్ కథను వారికి చెప్పుమని యడుగుడు.