ఏ క్షణమైనా ఆగిపోవచ్చు

మొబైల్ మెమరీ చరిత్రను మనం ఎక్కువగా అంకెల్లోనే చెప్పుకుంటాం. 1996లో వచ్చిన పామ్ పైలట్ 1000 చేతి కంప్యూటర్‌లో 128 కిలోబైట్లు, 2007 నాటి మొదటి ఐఫోన్‌లో 128 మెగాబైట్లు, ఇవాళ మధ్యరకం ఫోన్‌లో కూడా 6 నుంచి 8 గిగాబైట్లు. ఈ వరస చూస్తే ఒకప్పటి ఇరుకు తీరిపోయిందని, ఇక ఆ సంగతి పట్టించుకోనక్కర్లేదని అనిపిస్తుంది. నేనలా అనుకోను. చోటు చాలనప్పుడు ఎవరు తప్పుకోవాలి, ఆ తప్పుకోవడం వల్ల కలిగే నష్టం ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు ఒక్కో తరం ఇంజనీర్లు ఇచ్చిన జవాబులోనే ఈ చరిత్ర ఉంది. వాటిలో నిలబడిన జవాబు ఒకటే: యాప్ ఏ క్షణమైనా ఆగిపోవచ్చు, ఆగిందని వాడేవాళ్లకు తెలియకూడదు.

ఆ జవాబు పామ్‌లోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందులో ఒకసారికి ఒకే ప్రోగ్రాం నడిచేది. వేరే బటన్ నొక్కగానే నడుస్తున్న ప్రోగ్రాంకు ఆగమని సందేశం వెళ్లేది. అది తానెక్కడున్నదీ రాసిపెట్టుకుని తప్పుకునేది. మళ్లీ తెరిస్తే అదే పేజీ, అదే వరుస. నడిచే ప్రోగ్రాంకు దక్కేది కొన్ని పదుల కిలోబైట్లే. మిగతాదంతా చిరునామాలు, అపాయింట్‌మెంట్లు దాచుకోవడానికి పోయేది. ఆ రికార్డులను ఉన్నచోటే దిద్దాలి తప్ప, నకలు తీసుకుని దిద్దేంత చోటు లేదు.

సింబియన్ ఇంకో దారి పట్టింది. బ్రిటన్‌లో సయాన్ కంపెనీ 1997లో తెచ్చిన సిరీస్ 5 చేతి కంప్యూటర్‌లోని ఈపాక్ ఆపరేటింగ్ సిస్టం దానికి మూలం. 1998లో సింబియన్ పేరుతో వేరే కంపెనీ ఏర్పడ్డాక ఆ వ్యవస్థ నోకియా వంటి ఫోన్లలోకి వెళ్లింది. అక్కడ ఒకేసారి చాలా ప్రోగ్రాంలు, అవీ రోజుల తరబడి ఆపకుండా నడుస్తాయి. కాబట్టి ఎక్కడా చుక్క మెమరీ కూడా కారకూడదు, ఆ బాధ్యతంతా ప్రోగ్రామర్‌దే. మెమరీ అడిగిన ప్రతిసారీ లేదనే సమాధానం రావచ్చన్న జాగ్రత్తతో రాయాలి. అలా మధ్యలో తెగిపోయే అవకాశమున్న ఫంక్షన్ పేరు చివర ఎల్ అక్షరం తగిలించడం అక్కడి ఆనవాయితీ. పని తెగిపోతే అప్పటిదాకా తీసుకున్నది తిరిగిచ్చేయడానికి క్లీనప్ స్టాక్ ఉండేది. తెగిపోతే దిక్కులేకుండా పోయేవాటిని అందులోకి ఎక్కించాలి, పనయ్యాక దించాలి. పరీక్ష ఇంకా కఠినం. మొదటిసారి అడగ్గానే మెమరీ లేదనిపించి ప్రోగ్రాంను నడిపేవారు. తర్వాత రెండోసారి అడిగినప్పుడు లేదనిపించేవారు, ఆ తర్వాత మూడోసారి, అలా చివరిదాకా. ప్రతి విడతా తీసుకున్నదంతా వెనక్కి వచ్చిందో లేదో లెక్క చూసేవారు. మొబైల్ సాఫ్ట్‌వేర్‌లో ఇంత నిజాయితీగల పని తర్వాత చాలాకాలం చూడలేదంటాను. సింబియన్ వెనకబడటానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ మెమరీ విషయంలో దాని బలహీనత ఆ నిజాయితీలోనే ఉంది: బయటినుంచి వేలమంది యాప్‌లు రాసే కాలం వచ్చాక, అందరూ అంత జాగ్రత్తపరులై ఉంటారన్న నమ్మకం మీద ఫోన్‌ను నడపలేం.

2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 ఆ నమ్మకాన్ని పూర్తిగా వదిలేసింది. అందులో ర్యామ్ 192 మెగాబైట్లు, ఒక్కో యాప్‌కు 16 మెగాబైట్ల హద్దు. దాని కెమెరా 3.2 మెగాపిక్సెళ్లది. 2048 అడ్డం, 1536 నిలువు చుక్కలున్న ఫొటోను చుక్కకు 4 బైట్ల చొప్పున విప్పితే 12 మెగాబైట్లవుతుంది. అంటే ఆ ఫోన్ తీసిన ఒక్క ఫొటోను పూర్తి సైజులో తెరిస్తే చాలు, యాప్ వాటాలో ముప్పాతిక వంతు హరీ! కంప్యూటర్లలాగా చాలనిదాన్ని డిస్కు మీదకు తోసేద్దామంటే, పదేపదే రాస్తే ఫ్లాష్ మెమరీ అరిగిపోతుంది. అందుకే చోటు తగ్గినప్పుడు కెర్నెలే వెనకనున్న యాప్‌లను ముందుగా, తెరమీదున్నదాన్ని చిట్టచివరగా చంపే పద్ధతి పెట్టారు. వెనక్కి వెళ్లేముందే ప్రతి తెర తన స్థితిని చిన్న మూటగా కట్టి అప్పగించాలి. ఆండ్రాయిడ్ చట్రాన్ని రూపొందించినవారిలో ముఖ్యురాలు డయాన్ హాక్‌బార్న్ అంతకుముందు పామ్‌సోర్స్‌లో పనిచేశారు. పామ్ పద్ధతితో ఈ పోలిక కాకతాళీయమని నేననుకోను. ఐఫోన్ కూడా ఇదే దారిలో నడిచింది: ముందు హెచ్చరిక, వినకపోతే మరణం.

ఈ వాదనకు జవాబుగా గార్బేజ్ కలెక్టర్‌ను చూపేవాళ్లున్నారు. జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో లిస్ప్ కోసం కనిపెట్టిన ఆ పద్ధతి వాడనిదాన్ని తనంతట తానే ఏరేస్తుంది కదా, ఇక ప్రోగ్రామర్‌కు బెంగెందుకు అని. ఆండ్రాయిడ్‌లో అది మొదటినుంచీ ఉంది. ఆపిల్ 2007లో మ్యాక్‌కు ఇచ్చింది గానీ ఐఫోన్‌కు ఎన్నడూ ఇవ్వలేదు. 2011లో ఒక్కోదాన్ని ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టే పనిని కంపైలర్‌కు అప్పగించే ఏఆర్‌సీ తెచ్చి సరిపెట్టింది. అయితే కలెక్టర్‌కు తెలిసేది ఎవరైనా పట్టుకున్నారా లేదా అన్నదే, ఇంకా అవసరముందా అన్నది కాదు. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి మనిషి ఎక్కకుండా వెళ్లిపోతే, ఆ సీటు ఊరొచ్చేదాకా నిండినట్టే లెక్క. ఆండ్రాయిడ్‌లో ఫోన్ అడ్డం తిప్పితే మామూలుగా పాత తెర పోయి కొత్తది పుడుతుంది. పాతదాన్ని ఏ స్టాటిక్ వేరియబులో పట్టుకుని ఉంటే, ఆ తెరలోని బొమ్మలతో సహా అంతా మెమరీలోనే మిగిలిపోతుంది. ఇలాంటి లీకులు పట్టడానికి 2015లో స్క్వేర్ సంస్థ లీక్‌కానరీ అనే ప్రత్యేక సాధనం విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు గిగాబైట్లు ఉన్నాయి కదా అన్నది ఇంకో వాదన. ఉన్నాయి, ఫొటోలూ పెరిగాయి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో విప్పితే 48 మెగాబైట్లు. పైగా ఆ గిగాబైట్లు అందరి చేతుల్లోకీ ఒకేసారి రాలేదు. 2013లో ఆండ్రాయిడ్ 4.4ను 512 మెగాబైట్ల ఫోన్లలో నడిచేలా కుదించారు. 2014 సెప్టెంబరులో మనదేశంలో 6,399 రూపాయల ప్రారంభ ధరకు వచ్చిన ఆండ్రాయిడ్ వన్ ఫోన్లలో ర్యామ్ 1 గిగాబైటు. 2017 నాటి జియోఫోన్‌లో 512 మెగాబైట్లే. అలాంటి చిన్న ఫోన్లో సర్టిఫికెట్ దరఖాస్తు సగం నింపి, ఓటీపీ కోసం మెసేజుల్లోకి వెళ్లొచ్చేసరికి ఫారం ఖాళీగా ఉంటే, నష్టపోయేది ఆ దరఖాస్తుదారే. ఫోన్ చిన్నదవడం వల్లే అలా జరిగిందనడం అన్యాయం. యాప్‌ను చంపడం ఒప్పందంలో ఉన్నదే. మూట కట్టుకోకపోవడమే తప్పు. పెద్ద ర్యామ్ ఉన్న ఫోన్లలోనే పరీక్షించుకుంటే ఆ తప్పు బయటపడదు. కానీ ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో, పక్కకు వెళ్లగానే తెరను నాశనం చేసే మీట ఒకటి చాలా ఏళ్లుగా ఉంది. సింబియన్ వాళ్లు ఒక్కో అడుగులో మెమరీ లేదనిపించి చేసిన పరీక్షకు అది దూరపు చుట్టం. యాప్ విడుదల చేసేముందు ఆ మీట నొక్కి ఒకసారి ఫారం నింపి చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.