ఉపగ్రహ చిత్రాలకు ఉమ్మడి చీటీ: స్టాక్ ప్రమాణం కథ

అమెరికా మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం 1972 జులై 23న కక్ష్యలోకి వెళ్లింది. ఆనాటి నుంచి భూమి చిత్రాలు పోగుపడుతూనే ఉన్నాయి. సౌత్ డకోటా రాష్ట్రం సూ ఫాల్స్ దగ్గరి ఇరోస్ కేంద్రం వాటికి ప్రధాన భాండాగారం. భారతదేశంలో హైదరాబాద్‌కు చేరువలోని షాద్‌నగర్ భూకేంద్రం ఆ ఉపగ్రహాల సంకేతాలను నేరుగా అందుకునేది. బొమ్మ కావాలంటే పాత్, రో అనే రెండు సంఖ్యలు తెలియాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్కలో హైదరాబాద్ చిరునామా పాత్ 144, రో 48.

చిత్రాలు డబ్బు పెట్టి కొనుక్కోవలసినన్నాళ్లూ ఒక పరిశోధకుడి చేతికి వచ్చేవి కొన్నే. వాటిని వెతకడం పెద్ద పని కాదు. 2008లో ల్యాండ్‌శాట్ భాండాగారాన్ని ఉచితం చేశారు. 2015లో ఐరోపా వారి సెంటినెల్-2ఏ ఎగిరింది. ఆ చిత్రాలూ ఉచితమే. చూస్తుండగానే చిత్రాల లెక్క కోట్లకు చేరింది. కొరత చిత్రాలకు పోయి, వాటి ఆచూకీకి వచ్చింది.

ఎవరి పట్టిక వారిది కావడమే అసలు చిక్కు. మేఘాలు ఎంత శాతం ఉన్నాయన్న ఒక్క సంగతికే ల్యాండ్‌శాట్ ఫైల్లో ఒక పేరు, సెంటినెల్ ఫైల్లో మరో పేరు. పంట పచ్చదనాన్ని కొలిచే సమీప పరారుణ పట్టీ ల్యాండ్‌శాట్ 7లో నాలుగోది, ల్యాండ్‌శాట్ 8లో ఐదోది, సెంటినెల్-2లో ఎనిమిదోది. కొత్త ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామర్లు వెతికే కోడ్‌ను మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసి వచ్చేది. అప్పటికి ప్రమాణాలు లేకపోలేదు. ఐఎస్ఓ 19115 2003లోనే వచ్చింది. అయితే దాన్ని పూర్తిగా పాటించాలంటే పేజీలకు పేజీల ఎక్స్‌ఎంఎల్ నింపాలి. చిన్న బృందాలకు అది మోయలేని బరువు.

2017 అక్టోబరులో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో 14 సంస్థల నుంచి పాతిక మంది కలిసి కూర్చున్నారు. వారిని కూడగట్టిన వారిలో ముఖ్యుడు క్రిస్ హోమ్స్. అక్కడ మొలకెత్తినదే స్పేషియోటెంపోరల్ అసెట్ కేటలాగ్, పొట్టిగా స్టాక్. అన్ని వివరాలనూ ఒకే చోట ఇరికించే ప్రయత్నం వారు చేయలేదు. అందరూ ఒప్పుకోగల కొద్ది వివరాలతో మొదలుపెట్టారు. ఈ ప్రమాణం నిలబడడానికి పెద్ద కారణం ఆ నిగ్రహమే.

ఒక్కో చిత్రానికి ఒక్కో చీటీ ఉంటుంది. దాని పేరు ఐటెమ్. అది మామూలు జియోజేసన్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లోనూ తెరిచి చదవవచ్చు. అందులో చిత్రం గుర్తింపు సంఖ్య, నేల మీద అది పరుచుకున్న చోటు, తీసిన సమయం, అసలు ఫైళ్ల లింకులు ఉంటాయి. సమయం ఎప్పుడూ గ్రీన్‌విచ్ లెక్కలోనే రాయాలి. హైదరాబాద్ మీదుగా ల్యాండ్‌శాట్ ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తే చీటీలో ఐదు గంటలు దాటినట్టు కనిపిస్తుంది. మేఘాల శాతం, సూర్యుడి ఎత్తు వంటివి ఎక్స్‌టెన్షన్లుగా వచ్చి చేరతాయి. పట్టీ నాలుగోదైనా ఎనిమిదోదైనా వాడుక పేరు మాత్రం 'ఎన్ఐఆర్' ఒక్కటే. చీటీలను కలిపి కట్టేవి కేటలాగ్, కలెక్షన్. సర్వర్ ప్రోగ్రాం ఏదీ లేకుండా ఈ ఫైళ్లను వెబ్‌లో పెట్టినా పట్టిక సిద్ధమైనట్టే.

ప్రమాణం రాత, కోడ్ జంటగా నడిచాయి. డెవలప్‌మెంట్ సీడ్ సంస్థ చీటీలను వెతికే శాట్-ఏపీఐని రాసింది. ఫిలడెల్ఫియాలోని అజావియా సంస్థ 2019లో పైస్టాక్ అనే పైథాన్ లైబ్రరీని మొదలుపెట్టింది. స్టాక్ బ్రౌజర్ ఆ చీటీలను మనుషులు తిరగేయగల పేజీలుగా మార్చింది. కోడ్ రాసేటప్పుడు తగిలిన ఇబ్బందులు ప్రమాణాన్ని సరిదిద్దాయి. అలా 2021 మేలో 1.0.0 వెలువడింది.

అప్పటికే నిజమైన పట్టికలు పనిచేస్తున్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ల్యాండ్‌శాట్ కలెక్షన్ 2ను స్టాక్‌లో అందించింది. అమెజాన్ క్లౌడ్‌లోని సెంటినెల్-2 చిత్రాలకు ఎలిమెంట్ 84 సంస్థ ఎర్త్ సెర్చ్ అనే పట్టికను నడుపుతోంది. మైక్రోసాఫ్ట్ ప్లానెటరీ కంప్యూటర్, బ్రెజిల్ డేటా క్యూబ్, డిజిటల్ ఎర్త్ ఆఫ్రికా కూడా ఇదే బాట పట్టాయి. హైదరాబాద్ చుట్టూ గీసిన చతురస్రం, రెండు తేదీలు, మేఘాలు పది శాతం లోపు అన్న షరతు ఇస్తే చాలు, వీటిలో ప్రపంచమంతటి చిత్రాలున్నది ఏదైనా చీటీలు తీసి ఇస్తుంది. చిత్రం క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ అయితే మొత్తం దింపుకోనక్కర్లేదు, కావలసిన తునక మాత్రమే చదువుకోవచ్చు.

అయితే ఆ పది శాతం మొత్తం చిత్రానికి వేసిన లెక్క. ల్యాండ్‌శాట్ చిత్రం అటూ ఇటూ దాదాపు 180 కిలోమీటర్లు. ఉన్న కాస్త మబ్బూ సరిగ్గా వెతుకుతున్న ఊరి మీదే కమ్ముకుని ఉండవచ్చు. చీటీ చూపిన తరువాత కూడా చిత్రాన్ని కళ్లతో చూడక తప్పదు.

వెతుకులాట పద్ధతిని నిర్దేశించే స్టాక్ ఏపీఐ 2023లో 1.0.0కు చేరింది. 2024 సెప్టెంబరులో వచ్చిన 1.1.0 అంతవరకు రెండు ఎక్స్‌టెన్షన్లలో విడివిడిగా రాస్తున్న పట్టీల వివరాలను ఒకే జాబితాగా కలిపింది. పాత పట్టికలు ఇంకా పాత రూపంలోనే ఎన్నో ఉన్నాయి. పైస్టాక్ వాటిని చదివేటప్పుడే కొత్త రూపంలోకి మార్చుకుంటుంది.