ముట్లుడిగిన వయసు, మాత్రల లెక్క

మనిషి ఎలా ముసలివాడవుతాడో ఏళ్ళ తరబడి గమనించే ఉద్దేశంతో 1958లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక అధ్యయనం మొదలైంది. 'ముసలివాడు' అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. 1978 దాకా అందులో స్త్రీలను చేర్చుకోలేదు. స్త్రీలే ఎక్కువ కాలం బతుకుతారని అప్పటికే అందరికీ తెలుసు.

పరిశోధన లేదు గాని మందు ఉంది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రొజెన్ మాత్ర ప్రెమరిన్ 1942 నుంచే అక్కడ దొరికేది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు 'ఫెమినైన్ ఫరెవర్' అన్న పుస్తకంలో ముట్లుడగడాన్ని హార్మోను లోపం వల్ల వచ్చే జబ్బుగా చిత్రించాడు. ఈస్ట్రొజెన్ ఒక్కటే వాడితే గర్భాశయపు లోపొరకు కేన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో బయటపడింది. విరుగుడుగా ప్రొజెస్టిన్‌ను జోడించారు. ఈ మాత్రలు వేసుకునేవారికి గుండెజబ్బులు తక్కువని పరిశీలనలు చెబుతూ వచ్చాయి. అయితే వారిలో చాలామంది చదువుకున్నవారు, కలిగినవారు. ఆ ఆరోగ్యం మాత్రదా, బతుకుదా?

దీన్ని తేల్చడానికే 1991లో, జాతీయ ఆరోగ్య సంస్థలకు బెర్నడీన్ హీలీ సంచాలకురాలిగా ఉన్నప్పుడు, విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ రూపుదిద్దుకుంది. 50 నుంచి 79 ఏళ్ళ వయసున్న 1,61,808 మంది స్త్రీలు అందులో చేరారు. జంట హార్మోన్ల పరీక్షకు వచ్చినవారు 16,608 మంది. ఎవరికి అసలు మాత్రో, ఎవరికి ఉత్తుత్తి మాత్రో చీటీలు వేసినట్టు నిర్ణయించారు. సగటున 5.2 ఏళ్ళు గడిచాక, 2002 జులైలో, దాన్ని అర్ధాంతరంగా ఆపేశారు.

రొమ్ము కేన్సర్ 26 శాతం పెరిగిందన్న వార్త పత్రికలకెక్కింది. అదే లెక్కను మరోలా చెప్పవచ్చు. ఏటా పదివేల మందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి 30 కేసులు వస్తే, హార్మోన్లు వాడినవారికి 38 వచ్చాయి. పక్షవాతం కేసులు 8, గుండెజబ్బు కేసులు 7 పెరిగాయి. తుంటి ఎముక విరగడం 5 తగ్గింది. గుండెను కాపాడుతుందన్న మాత్ర ఆ పని చేయలేదన్నదే అసలు ఫలితం. జనానికి మాత్రం 26 అన్న అంకే గుర్తుండిపోయింది. లక్షల మంది మాత్రలు మానేశారు.

ఆ స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి ఆ గొడవలో మరుగున పడింది. ముట్లు అప్పుడే ఆగిన యాభై ఏళ్ళ మనిషికి కూడా ఆ ఫలితాన్నే వర్తింపజేశారు. 2007లో అవే వివరాలను వయసువారీగా విడదీసి చూశారు. ముట్లుడిగి పదేళ్ళు దాటనివారిలో గుండెజబ్బు పెరిగిన జాడ కనబడలేదు. ఇరవై ఏళ్ళు దాటినవారిలో కనబడింది. పక్షవాతం ముప్పులో మాత్రం అలాంటి తేడా తేలలేదు. గర్భాశయం తీసేసిన 10,739 మందికి ఈస్ట్రొజెన్ ఒక్కటే ఇచ్చి చేసిన మరో పరీక్షను 2004లో పక్షవాతం కారణంగా ఆపారు. వారిలో రొమ్ము కేన్సర్ పెరగనే లేదు.

ఇంతా చేసి, చాలామంది స్త్రీలు వైద్యుల దగ్గరికి వెళ్ళేది ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని, నిద్ర పట్టడం లేదని. ఆ బాధకు ఉపశమనం ఎంత అన్నది ఈ పరీక్ష ముఖ్యోద్దేశం కాదు.