క్షమించే హక్కు ఎవరిది?

మా మారికుప్పంలో హత్య వార్త వింటే చాలు, "ఉరి తీయాల్సిందే" అంటారు. క్షమించే హక్కు ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చిన ఇద్దరు యువకులు బస్సును తగలబెట్టారు. 23 మంది కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావులకు ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తర్వాత రెండో క్షమాభిక్ష పిటిషన్ మీద రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. రాజ్యాంగం 72వ అధికరణం ఇచ్చిన అధికారం అది. చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఒప్పుకోవాలన్న షరతు అందులో లేదు.

ఇస్లామీ చట్టంలో హత్యకు ఖిసాస్, అంటే ప్రాణానికి ప్రాణం. కానీ ఖురాన్ బఖరా సూరా 178వ ఆయతు ప్రకారం హతుని వారసులు క్షమించవచ్చు, దియత్ అనే పరిహారం తీసుకోవచ్చు. అయితే దారిదోపిడీలో హత్య జరిగితే వారసుల క్షమాపణ చెల్లదని చాలామంది ధర్మశాస్త్ర పండితులు అన్నారు. చిలకలూరిపేట అలాంటిదే కదా!

బెంగాల్‌లో కంపెనీ కోర్టులు మొదట ఈ చట్టాన్నే పాటించేవి. హంతకులు తప్పించుకుంటున్నారని 1790లో కారన్‌వాలిస్ వారసుల హక్కు తీసేశాడు. డబ్బున్నవాడు పేదింటిని ఒప్పించుకుంటాడన్న భయం నాకూ ఉంది. అయినా బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఒక్క మాటైనా అడగాలి అనిపిస్తుంది.