ఇంటికొచ్చిన వైద్యం, కంటికి రాని నిద్ర

కిడ్నీలు చెడితే ఒళ్ళే కాదు, ఇంటిల్లిపాది నిద్రా చెడుతుంది. ఆ నిద్ర కథ చెబుతాను, వినండి.

కడుపులో పేగులను కప్పి ఒక పల్చని పొర ఉంటుంది. అది జల్లెడలా పనిచేసి రక్తంలోని మలినాలను వడకట్టగలదు. 1923లో జర్మనీలో గాంటర్ అనే డాక్టరు దీన్ని మనిషిపై ప్రయత్నించారు. 1968లో టెంకాఫ్ కడుపులో ఎంతకాలమైనా ఉంచదగ్గ మెత్తని గొట్టం చేశారు. 1976లో అమెరికాలో ఇంజనీరు పొపొవిచ్, డాక్టరు మాంక్రీఫ్ కలిసి, రోజుకు నాలుగైదుసార్లు రెండేసి లీటర్ల ద్రవం నింపి తీసే పద్ధతి చూపారు. 1991లో అది మన దేశానికొచ్చింది.

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం అడవి మండలం. అలాంటి చోట వారానికి మూడుసార్లు పట్నానికి పోయి రక్తం శుద్ధి చేయించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి! ఈ పద్ధతిలో వైద్యం ఇంట్లోనే జరుగుతుంది. 2019లో ప్రభుత్వం దీన్నీ జాతీయ డయాలిసిస్ కార్యక్రమంలో చేర్చింది.

పడుకున్నప్పుడు పనిచేసే యంత్రమూ ఉంది. పగలు తీరిక దొరుకుతుంది కానీ, గొట్టం మెలిపడితే అలారం మోగి నిద్రలేపుతుంది. దానికి తోడు దురద, కాళ్ళ జివజివ, గురకలో ఊపిరి ఆగడం. "వయసు కదా" అని సరిపెట్టుకోకండి. డాక్టరుకు చెబితే చాలావాటికి ఉపాయముంది. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా ఇవ్వకండి.

రక్తపరీక్ష కాగితంతో పాటు, "రాత్రి నిద్రపట్టిందా?" అన్న మాట కూడా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.