నగర బావిలోని ఇనుప గొట్టాలు

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా, హొసనగర తాలూకాలో ‘నగర’ అనే చిన్న ఊరు ఉన్నది. ఒకప్పుడు ఇది బిదనూరు అనే పేరుతో కెళది నాయకుల రాజధానిగా వెలుగొందినది. 1763లో హైదరాలీ దానిని జయించి హైదర్‌నగర్ అని పేరు మార్చాడు. కాలక్రమాన హైదరు పేరు రాలిపోయి నగర మాత్రం మిగిలింది.

2002లో అక్కడి ఒక పాతబావిలో త్రవ్వకం సాగుతుండగా తుప్పు పట్టిన ఇనుప గొట్టాలు నూరుకు పైగా బయటపడ్డాయి. సుమారు జానెడు పొడవు, మట్టి పేరుకొని మొద్దుబారిన రూపం. పాత ఇనుము కొనేవాని తక్కెడలోకి చేరకుండా అవి శివమొగ్గలోని శివప్పనాయక మహలు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు చేరడమే ఒక అదృష్టం. అయితే అవి టిప్పు సుల్తాను కాలపు రాకెట్లేనని నిర్ధారణ కావడానికి పదేళ్ళకు పైగా పట్టింది.

ఆ ఆలస్యం వింత కాదు. పాత యుద్ధసామగ్రిని గుర్తించేవారు మొదట చూసేది ఆకారం. కోటగోడలను పగులగొట్టే గుండు నిండు ఇనుప బంతి; చేతితో ఎత్తగానే ఆ సంగతి తెలిసిపోతుంది. పేలే గుండు బోలుగా ఉంటుంది. లోపల మందు, పైన వత్తికి ఒక రంధ్రం. ఈ రెండూ ఫిరంగి నోట పుట్టినవే. మైసూరు రాకెట్టు తీరు వేరు. ఒక కొస మూసి, రెండవ కొసన సన్నని రంధ్రం ఉంచిన ఇనుప గొట్టమది. లోపలి మందు మండి వాయువు ఆ రంధ్రం గుండా వెనుకకు దూసుకురాగా గొట్టం ముందుకు పోతుంది. దీపావళి తారాజువ్వ ఎగిరే సూత్రం ఇదే. దిశ తప్పకుండా ఉండడానికి దానికి తోలు పట్టీలతో వెదురుకర్రనో కత్తి అలుగునో కట్టేవారు. మట్టిలో తోలు, వెదురు చివికిపోతాయి. ఆనవాలు చెప్పవలసిన భాగమే మాయమైతే మిగిలిన గొట్టాన్ని ఎవరు పోల్చగలరు?

పోల్చడానికి కొలబద్ద ఒకటి కావాలి. అది దూరదేశంలో దొరికింది. లండనులోని వూలిచ్‌లో బ్రిటిషు ఫిరంగిదళం భద్రపరచిన రెండు మైసూరు రాకెట్ల వివరాలను బెంగళూరు శాస్త్రవేత్త రొద్దం నరసింహ 1985లో తన పరిశోధనావ్యాసంలో ప్రకటించారు. వాటిలో ఒకటి 254 మిల్లీమీటర్ల పొడవు, 58 మిల్లీమీటర్ల వ్యాసం కలిగి, కత్తి అలుగుకు కట్టి ఉన్నది. రెండవది 198 మిల్లీమీటర్ల పొడవుతో వెదురుకు కట్టినది. నగర గొట్టాల పొడవు 23 నుంచి 26 సెంటీమీటర్లు. లోపలి మందులో సురేకారం, బొగ్గుపొడి కనిపించాయి. 2018 జూలైలో పురావస్తుశాఖవారు అదే బావిని మళ్ళీ త్రవ్వించారు. మట్టి తుపాకిమందు వాసన వేయడమే వారికి దారి చూపినదట! ఈసారి వెయ్యికి పైగా రాకెట్లు లభించాయి. నగర బావిలోనివి బయటపడక మునుపు ప్రపంచమంతటా తెలిసిన నమూనాలను వ్రేళ్ళపై లెక్కించవచ్చును.

ఈ ఇనుములో అంత విశేషమేమిటి? ఆ కాలపు ఐరోపా రాకెట్లకు అట్ట గొట్టాలే ఆధారం. ఇనుప గొట్టం హెచ్చు పీడనానికి తట్టుకొంటుంది కనుక మైసూరు రాకెట్టు మరింత దూరం పోయేది. 1780 సెప్టెంబరు 10న కంచి సమీపాన పొల్లిలూరు వద్ద కుంపిణీ సేనాని బెయిలీ ఓడిపోయాడు. అతడు గుంటూరు నుంచి నడిపించుకొని వచ్చిన పటాలమది. మందుగుండు బండ్లు పేలిపోవడం ఆ ఓటమికి ముఖ్యకారణం. ఆ పేలుడు రాకెట్ల వల్లనే జరిగిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. శ్రీరంగపట్టణం దరియా దౌలత్ భవనపు గోడమీద ఆ పేలుడు దృశ్యం నేటికీ చూడవచ్చును. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన పిమ్మట మైసూరు రాకెట్లు ఇంగ్లండుకు తరలాయి. వాటి స్ఫూర్తితో విలియం కాంగ్రీవ్ రూపొందించిన రాకెట్లను బ్రిటిషువారు 1807లో కోపెన్‌హాగెన్‌పై ప్రయోగించారు. ఓడినవారి ఆయుధం గెలిచినవారి పేర వ్యాప్తిలోకి వచ్చింది.

ఇటువంటి వస్తువుల సేకరణలో ఉత్సాహం కంటె జాగ్రత్త ముఖ్యం. తుపాకిమందు ఎంత పాతబడినా, ఆరితే నిప్పు అంటుకొనే గుణం దానికి పోదు. తుప్పు గోకి చూడడం, సుత్తితో తట్టడం ప్రాణాంతకం. పైగా గొట్టంతోపాటు అది పడి ఉన్న చోటు, లోతు, చుట్టూ ఉన్న మట్టి కూడా సాక్ష్యమే. ఇంటికి తెచ్చి అలమరలో పెట్టుకొన్న క్షణాన సగం సాక్ష్యం చెరిగిపోతుంది. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిక్షేపాల చట్టం విధించింది. ఆ రోజులలో పది రూపాయలు తక్కువ మొత్తమేమీ కాదు.

బెంగళూరు పాతపేటలలో తారామండల్ పేట అనే వీధి ఉన్నది. టిప్పు కాలంలో రాకెట్లు తయారైనది అక్కడనేనని, అందువల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. మార్కెట్టుకు వెళ్ళేవారు నిత్యం ఆ వీధిని దాటుతూనే ఉంటారు.